ద్రాక్షసారా పండగకు పోయినాము



పోయిన నెల కూటంలో అందరూ మమ్మల్ని చుట్టుకొని, "ఆస్ట్రేలియాలో మూడేండ్లు ఉండి వచ్చినారు గదా, ఆడ మీకు బాగా నచ్చింది ఏమి?" అని అడిగినారు. మేము ఉన్నది ఉన్నట్టు "వైను పండగ" అన్నాము. అంతే, కూటమంతా ఒకటే నవ్వు. వెనక వరసలో ఎవరో "అయితే మీరు కూడా పట్టించినారా?" అని కేకేసినారు. ఆడవాళ్ళ పక్క ఒక చెల్లెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొనింది. జవాబు చెప్పేలోపల కాఫీలు వచ్చినాయి, మాట తప్పిపోయింది. ఆ జవాబే ఇప్పుడు రాస్తా ఉన్నాము. కొంచెం పొడుగుగా ఉంటుంది, ఓపికతో చదవండి. మేమిద్దరమూ తమిళ బడిలో చదివినవాళ్ళము. మాలో ఒకరు రైల్వేలో గుమాస్తాగా కుప్పానికి పోయి వస్తా ఉన్నప్పుడు స్టేషను బోర్డు మీద మూడు బాసల్లో రాసింది చూసి, తమిళ పేరు తెలుసు కాబట్టి తెలుగు అక్షరాలు కూడబలుక్కున్నారు. రెండోవారు మొదటివారి దగ్గర నేర్చుకున్నారు. కాబట్టి దీర్ఘాలు, వొత్తులు తప్పితే మన్నించాల.

మా కొడుకు ఆడిలైడులో ఉంటాడు. 2022 చివర మమ్మల్ని పిలిపించుకున్నాడు. మొదటి మూడు నెలలు మాకు ఏమీ తోచలేదు. పొద్దున కొడుకూ కోడలూ పనికి, మనవడు బడికి. వీధిలో మనిషి కనబడడు. మత్తిగిరిలో అయితే వాకిట్లో నిలబడితే పశువుల ఫారం పక్కకు పోయేవాడు ఒకడు, పాలవాడు ఒకడు, కూరగాయల బండి ఒకటి. ఆడ వాకిట్లో నిలబడితే పక్షులు మాత్రమే. ఉగాది నాడు వేప పువ్వు దొరకక, ఉన్నదాంతో పచ్చడి చేసుకొని, ఇద్దరమూ ఒకరి మొగం ఒకరు చూసుకొని కూర్చున్నాము.

పక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నాడు. వయసు డెబ్బై ఎనిమిది. భార్య పోయి ఒంటిగా ఉంటాడు. గోడ మీద నుంచి నిమ్మకాయలు ఇచ్చేవాడు. మేము వాటినే ఊరగాయ పెట్టి తిరిగి ఇచ్చినాము. అట్ల స్నేహం కుదిరింది. ఏప్రిల్ వచ్చేసరికి ఆయన, "మా అమ్మ పుట్టిన పక్క పండగ జరగబోతా ఉంది. రెండేండ్లకు ఒకసారే వస్తుంది. మీరందరూ నాతో రావాల" అన్నాడు. ఏమి పండగ అంటే బరోసా వింటేజ్ ఫెస్టివల్. ద్రాక్ష కోత అయిపోయి, రసం పీపాయిల్లోకి పోయినాక చేసే పండగ. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాత 1947లో మొదలుపెట్టినారంట.

కొడుకు మొగం చూసినాము. వాడు మా మొగం చూడలేదు. "నాయినా, మీకు ఇష్టం లేకపోతే వద్దులే" అన్నాడు. ఎందుకట్ల అన్నాడో మీకు తెలియాలంటే మా ఇంటి సంగతి ఒకటి చెప్పాల.

మా ఇంట్లో మందు ముట్టరు. ముట్టరు అంటే, ఆ మాట కూడా పలకరు. మాకొక చిన్నాయన ఉన్నింది మీలో పాత తలకాయలకు గుర్తుంటుంది. ఎద్దుల బండి తోలేవాడు. మంచి గొంతు, భజనలో ముందు కూర్చునేవాడు. 1974లో మన రాష్ట్రంలో సారాయి అంగళ్ళు మూసినారు. మూస్తే ఏమి, మనకు పక్కనే అత్తిబెలె. ఆ గట్టున కర్ణాటక. శనివారం కూలి చేతికి రాగానే జూజువాడి దాకా బస్సు, ఆడ నుంచి నడక. ఎవరైనా అడిగితే "రాగులు కొనేదానికి పోతా ఉండాను" అనేవాడు. సంచి కూడా చేతిలో ఉండేది. 1976లో ఒక వాన రాత్రి ఇంటికి రాలేదు. తెల్లవారి జూజువాడి దగ్గర రోడ్డు పక్కన కాలువలో దొరికినాడు. సంచి మడత విప్పకుండా చంకలోనే ఉన్నింది. చిన్నమ్మ ఇద్దరు ఆడబిడ్డలతో మిగిలింది. మా అవ్వ ఆ రోజు గడప మీద చెయ్యి పెట్టి, "ఈ గడప ఇంక ఆ దరిద్రం దాటకూడదు" అనింది. అంతే. ఆ మాట మీద యాభై ఏండ్లుగా ఉన్నాము.

మా పిల్లవాడికి మాత్రం మేము చెప్పింది వేరే. "చిన్నతాత గుండె నొప్పితో పోయినాడు" అని చెప్పినాము. ఎందుకు దాచినామంటే, ఆ కాలంలో అందరూ అట్లనే దాచినారు. ఇంటి పరువు.

సరే, పండగకు పోదామనే అన్నాము. పెద్దాయన పిలిచినాడు, ఒంటిగా ఉండే మనిషి, కాదనేదెట్ల?

ఆడిలైడు నుంచి తనుండా అనే ఊరికి డెబ్బై కిలోమీటర్లు దగ్గర. మనకు హోసూరు నుంచి కృష్ణగిరి దాటి ఇంకొంచెం పోయినంత. కోడలు తోలింది. దోవలో పెద్దాయన కత చెప్తా వచ్చినాడు. ఆ నేల మొదట పెరమాంక్, నడ్జూరి, కౌర్నా అనే ఆదివాసులది. ఈ కాలంలో సభ ఏది మొదలుపెట్టినా ముందు వాండ్ల పేరు తలచుకొనే మొదలుపెడతారు. 1842లో సైలీషియా అనే పక్క నుంచి జర్మను మాట్లాడే లూథరను క్రైస్తవులు వచ్చి బెథనీ అనే పల్లె కట్టినారు. వాండ్ల రాజు కొత్త ప్రార్థన పుస్తకం ఒకటి రాయించి, అందరూ అదే చదవాల అన్నాడంట. మేము చదవము, మా పాతదే మాకు చాలు అని, ఊరు విడిచి ఓడ ఎక్కినారు. ద్రాక్ష కోసం వచ్చినవాళ్ళు కాదు, ప్రార్థన కోసం వచ్చినవాళ్ళు. ద్రాక్ష నేల చూసి తర్వాత నాటినారు.

పండగ ఎట్ల ఉన్నింది అంటే, మన జాతర మాదిరే ఉన్నింది అని ఒక మాటలో చెప్పొచ్చు. దోవ పొడుగునా ఇండ్ల ముందర గడ్డితో మనిషి బొమ్మలు చేసి నిలబెట్టినారు. మనకు అవి చేన్లో దిష్టిబొమ్మలు. ఆడ ఒక బొమ్మ సైకిలు తొక్కతా ఉంది, ఒకటి పీపాయి మీద కూర్చొని ఉంది. ఊరేగింపులో ట్రాక్టర్లు, అలంకారం చేసిన బండ్లు, బడి పిల్లలు, వెనక ఇత్తడి బాకాల మేళం. మన చంద్రచూడేశ్వరస్వామి తేరు నాడు జనం ఎట్ల గోడల మీద ఎక్కి కూర్చుంటారో అట్లనే కూర్చున్నారు. మనకు ఏప్రిల్ అంటే మామిడి కాలం. వాండ్లకు ఆకు రాలే కాలం. తోటలన్నీ పసుపు, ఎరుపు. చలి గాలి.

ఒక పక్క సగానికి కోసిన పీపాయిలో నల్ల ద్రాక్ష పోసి పిల్లలతో తొక్కిస్తా ఉన్నారు. మా మనవడు ఎక్కినాడు. మోకాళ్ళ దాకా ఎరుపు. మాలో ఆడమనిషి చూసి, "మన కళ్ళంలో రాగులు తొక్కిచ్చినట్ల ఉండాది. ఎద్దుకు బదులు వీడు" అనింది. ఊరబెట్టిన దోసకాయలు అమ్మతా ఉన్నారు. సోపు ఆకు మాదిరి వాసన వచ్చే ఆకు, ఉప్పు నీళ్ళు, అంతే. దాంట్లోనూ ఎవరిది బాగుంది అని వాండ్లలో పోటీ. మన చిత్రాన్నం డబ్బా తెరిచి దాంతో నంజుకుంటే సరిగ్గా కుదిరింది.

తాగేది ఎట్ల ఉన్నింది అని గదా మీ ప్రశ్న. మేము మొదట దాన్నే చూస్తా ఉన్నాము, దొంగను చూసినట్ల. మన పక్క తాగేవాడు గోడ పక్క నిలబడి, ఒక్క గుక్కలో ఎత్తి, మూతి తుడుచుకొని, ఎవరూ చూడలేదు గదా అని అటూ ఇటూ చూసి పోతాడు. వాసన పోయేదానికి జామ ఆకు నమలతాడు. ఆడ ఒక బల్ల చుట్టూ అవ్వ, తాత, కొడుకు, కోడలు, చంకలో బిడ్డ. బల్ల మీద రొట్టె, జున్ను గడ్డ. గ్లాసు అడుగున రెండు గుక్కలంత వైను. దాన్ని వెలుగుకు పెట్టి చూసేది, మూసి చూసేది, ఆ తోట ఎవరిది, ఆ ఏడు వాన ఎట్ల పడింది అని మాట్లాడుకునేది. కొంతమంది రుచి చూసి పక్కన చెంబులో ఉమ్మేస్తారు! మాలో ఆడమనిషికి అది చూసి ఆగని నవ్వు. "డబ్బులిచ్చి కొని ఉమ్మేసే మనుషుల్ని ఇప్పుడే చూస్తా ఉండాను" అనింది. బండి తోలేవాళ్ళు ముట్టరు, ముట్టినా లెక్క పెట్టుకొని ముట్టతారు. రక్తంలో 0.05 దాటితే పోలీసులు ఊరుకోరు.

ఇదంతా చెప్పి, తాగుడు మంచిదని మేము అంటా ఉన్నామని అనుకోవద్దండి. ఆ దేశంలో కూడా తాగి కొంపలు కూల్చుకునేవాళ్ళు ఉన్నారు. పెద్దాయనే చెప్పినాడు, వాండ్ల మామ ఒకాయన అట్లనే పోయినాడంట. "మేము దాన్ని బల్ల మీద పెట్టి మాట్లాడుకున్నాము. అందువల్ల ఆయన తమ్ముడు బతికినాడు" అన్నాడు. ఆ మాట మాకు గుండెలో దిగింది.

మధ్యాహ్నం డేరా కింద కూర్చున్నప్పుడు అసలు సంగతి జరిగింది. పెద్దాయన ఒక సీసా తెచ్చి, వాండ్ల అమ్మ తరఫు చుట్టాల తోటలో పండిన షిరాజ్ అని, ముందు మాకు చూపించినాడు. మేము చేతులు జోడించి వద్దన్నాము. ఆయన ఏమీ అనుకోలేదు, మాకు ద్రాక్ష రసం తెప్పించినాడు. తర్వాత ఒక గ్లాసులో పోసి మా కొడుకు ముందర పెట్టినాడు, అలవాటుగా, అడగకుండా. వాడి చెయ్యి గ్లాసు దాకా పోయి ఆగిపోయింది. కోడలు నేల చూస్తా ఉంది. మనవడు అందరినీ చూస్తా ఉన్నాడు. ఆ ఆగిన చెయ్యి చూస్తే మాకు అర్థమైపోయింది. అడగకుండా పోసినాడంటే ఇది మొదటిసారి కాదు.

ముప్పై ఆరేండ్ల మనిషి. ఒక దేశంలో ఇల్లు కట్టుకున్నవాడు. చెయ్యి గాల్లో పెట్టుకొని పదేండ్ల పిల్లవాడి మాదిరి కూర్చున్నాడు. మాకు కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. అవ్వ గడప మీద పెట్టిన చెయ్యి కనబడింది. అయితే దానికంటే ముందు చిన్నాయన చంకలో మడత విప్పని సంచి కనబడింది.

"తీసుకో నాయినా. పెద్దమనిషి ప్రేమగా ఇస్తా ఉంటే చెయ్యి వెనక్కి తీయకూడదు" అన్నాము. మా ఇద్దరిలో ఎవరి నోట వచ్చిందో ఇప్పటికీ తేలలేదు. వాడు తీసుకున్నాడు. ఆ గ్లాసు సాయంత్రం దాకా అయిపోలేదు.

తర్వాత తోటల పక్క నడుస్తా ఉంటే వాడు మెల్లగా చెప్పినాడు. "అయిదేండ్లుగా వారానికి ఒకటి రెండు గ్లాసులు తాగతా ఉండాను నాయినా. మీరు వచ్చే ముందు రోజు సీసాలన్నీ తోట షెడ్డులో, గడ్డి కోసే మిషను వెనక దాచి పెట్టినాను." మాకు ఒళ్ళు జల్లుమనింది. తాగినాడని కాదు. దాచినాడని. చిన్నాయన రాగుల సంచి, వీడి షెడ్డు, రెండూ ఒకటే గదా. ఆ దోవలోనే, ద్రాక్ష వరసల పక్కన నిలబడి, మేము వాడికి చిన్నతాత కత మొదటిసారి నిజం చెప్పినాము. జూజువాడి, కాలువ, సంచి, అన్నీ. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇది నాకు ముందే చెప్పింటే నేను దాచేవాడిని కాదు గదా" అన్నాడు. నిజమే. వాడు సీసాలు దాచినాడు, మేము మనిషినే దాచినాము. ఎవరిది పెద్ద తప్పు?

ఆ తోటల సంగతి ఒకటి చెప్పాల. మనము చెట్టు చూస్తే పోయి తొడతాము. మేము వరసలోకి అడుగు పెట్టబోతే మనవడు చెయ్యి పట్టి లాగినాడు. లోపలికి రావద్దని బోర్డు ఉంది. ఫిలోక్సెరా అని ఒక చిన్న పురుగు, ద్రాక్ష వేరు పీల్చి చంపుతుంది. యూరప్ తోటలను పందొమ్మిదో శతాబ్దంలో నాశనం చేసింది. 1870ల దశకంలో పక్క రాష్ట్రం విక్టోరియాకు కూడా వచ్చింది. మనిషి చెప్పుకు అంటిన మట్టితో కూడా వస్తుందంట. దక్షిణ ఆస్ట్రేలియాకు మాత్రం ఇంతవరకూ రాలేదు, అట్ల కాపాడుకున్నారు. అందువల్లనే 1840లలో నాటిన మొద్దులు ఈరోజుకీ కాయలు కాస్తా ఉన్నాయి. మన చింత చెట్టు మాను మాదిరి ముడతలు పడి, నడుము లావు, ఎత్తు మాత్రం మన భుజం అంత.

ఆ పాత తీగలకు వాండ్లు వయసును బట్టి పేర్లు పెట్టినారు. ముప్పై అయిదు దాటితే పాత తీగ. డెబ్బై దాటితే బతికి బయటపడింది. నూరు దాటితే నూరేండ్ల తీగ. నూట ఇరవై అయిదు దాటితే పూర్వీకురాలు. మేము లెక్క వేసుకున్నాము. మాలో ఒకరికి అరవై ఆరు, ఒకరికి అరవై రెండు. బతికి బయటపడినామని చెప్పుకునేదానికి ఇంకా నాలుగేండ్లు తక్కువ!

ఇంకొక సంగతి విని మేము నిలబడిపోయినాము. 1980ల దశకంలో వైను ఎక్కువై ధర పడిపోతే, ప్రభుత్వమే డబ్బు ఇచ్చి పాత తీగలు పెరికించిందంట. దిగుబడి తక్కువ, ఎవరికి కావాల అని. శానామంది పెరికినారు. కొంతమంది మొండివాళ్ళు, మా తాత నాటింది మేము పెరకము అని వదిలేసినారు. ఈరోజు ఆ మొండివాళ్ళ ద్రాక్షకే గిరాకీ.

మేము ఎందుకు నిలబడిపోయినామో మీకు చెప్పక్కరలేదు. పెద్దాయన కత విన్న తర్వాత ఇంకా గట్టిగా తగిలింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ శత్రువు అయింది. డెబ్బై అయిదేండ్లుగా ఆ దేశంలోనే పుట్టి పెరిగిన ఈ పల్లెలవాళ్ళ మీద కూడా అనుమానం వచ్చింది. 1917లో ఆ రాష్ట్రంలో 49 లూథరను బడులు మూయించినారు. 69 చోట్ల జర్మను పేర్లు మార్చేసినారు. "అప్పుడు మా అమ్మకు తొమ్మిదేండ్లు. బడి మూసినారు. ఇంట్లో తలుపులు వేసుకొని జోలపాట పాడేవాళ్ళు. మేము పుట్టేసరికి అదీ ఆగిపోయింది. నాకు ఇప్పుడు వచ్చింది అన్నానికి ముందు చెప్పుకునే ప్రార్థన ఒకటి, తిట్లు నాలుగు" అని పెద్దాయన నవ్వినాడు. నవ్వినాడు గానీ కళ్ళు నవ్వలేదు. ఆ ప్రార్థన ఒకసారి మాకోసం చెప్పినాడు. చెప్పేటప్పుడు ఆయన గొంతు చిన్నపిల్లవాడి గొంతు అయిపోయింది.

మన పక్క ఎవరూ బడులు అట్ల మూయించలేదు, ఊర్ల పేర్లు మార్చలేదు. రెండూ ఒకటే అని మేము అనము. తమిళం మాకు అక్షరం ఇచ్చింది, ఉద్యోగం ఇచ్చింది, అన్నం పెట్టింది. దాని మీద మాకు ఒక్క పిసరు కోపం లేదు. 2006 చట్టం వచ్చి తమిళం ఒకటో తరగతి నుంచి ఏడాదికొక తరగతిగా తప్పనిసరి అయి, తెలుగు బడులు పడిన పాట్లు, కోర్టు మెట్లు ఎక్కింది మీకు మాకంటే బాగా తెలుసు. అయితే మా ఇంట్లో తెలుగు చదువు పోయింది ఏ చట్టం వల్లా కాదు. అంతకు ముప్పై ఏండ్ల ముందే, దాంతో ఏమి పని అని మేమే పెరికినాము. మా కొడుక్కి తెలుగు మాట వస్తుంది, అక్షరం రాదు.

దీంట్లో ఒక తమాషా చెప్తాము. ఆ దేశంలో స్థిరంగా ఉండేదానికి మార్కులు లెక్క పెడతారు. మన బాస, ఇంగ్లీషు రెండిట్లో మాటలు అటూ ఇటూ మార్చి చెప్పే పరీక్ష ఒకటి ఉంది. దాంట్లో తెలుగు కూడా ఉంది. నెగ్గితే అయిదు మార్కులు. మా వాడు ఫోనులో మాతో రోజూ అరగంట తెలుగు సాధన చేసి ఆ పరీక్ష రాసినాడు. నోటి పరీక్షే కాబట్టి అక్షరం అడగలేదు. "శానా" అనకుండా "చాలా" అనేదానికి పడిన పాట్లు ఇప్పటికీ చెప్పి నవ్వుకుంటాము. మా అవ్వ మాట్లాడిన బాసకు సముద్రం అవతల ఒక ప్రభుత్వం అయిదు మార్కులు వేసింది!

సాయంత్రం పెద్దాయన మమ్మల్ని సెపెల్ట్స్‌ఫీల్డ్ అనే చోటికి పిలుచుకొని పోయినాడు. దోవకు రెండు పక్కలా రెండు వేలకు పైగా ఈత జాతి చెట్లు. మనకు ఈత చెట్టు అంటే కల్లే గుర్తుకొస్తుంది. అవి కల్లుకు కాదు. 1930ల కరువు కాలంలో పని లేకపోయినా కూలీలను వెళ్ళగొట్టకుండా, అన్నం పెట్టి ఈ చెట్లు నాటించినారంట. వరసగా నిలబడిన ఆ చెట్లు చూస్తే తీసిన వైను కంటే ఇదే పెద్ద పని అనిపించింది.

ఆడ 1878లో బెన్నో సెపెల్ట్ అనే ఆయన కొత్త గోడౌను కట్టి, మంచి తియ్యటి వైను ఒక పీపాయి నింపి, "దీన్ని నూరేండ్లు ఎవరూ ముట్టకూడదు" అన్నాడు. తాను తాగేదానికి ఉండడని తెలుసు. ముని మనవళ్ళు తాగాల. 1978లో తెరిచినారు. ఆ తర్వాత ఏటా ఒక పీపాయి పెడతానే ఉన్నారు, ఒక ఏడు కూడా తప్పలేదు. చీకటి మేడలో వరసగా పీపాయిలు, ఒక్కోదాని మీద ఏడు రాసి ఉంది.

1878 అనే అంకె చూసి మాకు ఏదో తట్టింది. ఇంటికి వచ్చినాక గుర్తుకొచ్చింది. మన తొరపల్లిలో రాజాజీ పుట్టింది 1878 డిసెంబరు 10. ఆయన మదరాసు ప్రధాని అయి 1937 అక్టోబరు 1న దేశంలో అందరికంటే ముందు మద్యం నిలిపింది సేలం జిల్లాలో. అప్పుడు మన హోసూరు సేలం జిల్లానే. పోయిన రాబడికి బదులుగా 1939లో అమ్మకం పన్ను తెచ్చినారు. 1971లో నిషేధం ఎత్తేస్తామన్నప్పుడు తొంభై దాటిన వయసులో వానలో పోయి ముఖ్యమంత్రిని వద్దని వేడుకున్నారు. ఒకే ఏట ఒక పక్క నూరేండ్ల వైను పీపాయి మొదలైంది, ఒక పక్క దాన్ని నిలపాలన్న మనిషి పుట్టినాడు. ఇద్దరూ తాము చూడబోని కాలం కోసమే చేసినారు. మన పక్క ఆడబిడ్డల గతి చూసినవాళ్ళు రాజాజీ తప్పు అనలేరు. నెల్లూరు దూబగుంటలో ఆడవాళ్ళు సారాయి అంగళ్ళ మీదకు ఎందుకు పోయినారో అందరికీ తెలుసు. అంగడి మూస్తే చిన్నాయన ఆగలేదు, అదీ నిజమే. చట్టం అంగడిని మూయగలదు. ఇంట్లో మూసిన నోర్లు మనమే తెరవాల.

ఆ మేడలో మాలో ఒకరు పుట్టిన ఏటి పీపాయి కూడా ఉంది. 1957. ఇంకా నిద్రపోతా ఉంది. 2057లో తెరుస్తారు. అప్పటికి మేము ఉండము, మా మనవడికి నలభై దాటి ఉంటుంది. డబ్బు కడితే పుట్టిన ఏటిది రుచి చూపించే పద్ధతి ఉంది. కొడుకు ముందే కట్టేసి వచ్చినాడు. ఆడమనిషి ఒకామె గాజు గొట్టంతో కొంచెం తీసి, చిన్న గ్లాసులో పోసి ఇచ్చింది. తీర్థం అంత. బెల్లం పాకం రంగు. కాల్చిన బెల్లం, ఎండు ద్రాక్ష, పాత చెక్క బీరువా వాసన.

మా ఇద్దరి చేతుల్లో ఆ గ్లాసు చాలాసేపు ఉన్నింది. అవ్వ మాట ఉంది. ఆ గడప మత్తిగిరిలో ఉంది. కొడుకు మా మొగం చూస్తా ఉన్నాడు, ఈసారి నేల చూడలేదు. మాలో ఒకరు వాసన చూసి ఇచ్చేసినారు. ఒకరు నాలిక మీద అంటించుకున్నారు. ఎవరు ఏది చేసినారో చెప్పము. కూటంలో వెనక వరసలో కేకేసిన తమ్ముడికి ఇదే జవాబు.

మా ఇంటి గడప ఇప్పటికీ అది దాటలేదు, దాటదు కూడా. అయితే ఆ గడప లోపల చిన్నాయన పేరు ఇప్పుడు పలుకుతా ఉన్నాము. ఫోటో పెట్టెలో నుంచి తీసి గోడకు తగిలించినాము. చిన్నమ్మ కూతుర్లు వచ్చి చూసి ఏడ్చి పోయినారు. మనవడు ఫోనులో, "ఆ తాత ఏమి పాట పాడేవాడు?" అని అడిగినాడు. వచ్చినంత పాడి వినిపించినాము.

ఒక చిన్న మనవి. నెలకు మొదటి ఆదివారం మా వాకిట్లో చాప పరుస్తాము. తెలుగు మాట వచ్చి అక్షరం రాని పిల్లలు, పెద్దలు ఎవరైనా రావచ్చు. మేము పండితులము కాదు. స్టేషను బోర్డు చూసి నేర్చుకున్నంత నేర్పిస్తాము. రాగి సంగటి మాత్రం తప్పకుండా ఉంటుంది. తాగేదానికి మజ్జిగ.

ఇట్లు,
మత్తిగిరి నుంచి మీ పాత రైలు గుమాస్తా, ఇంటామె.